సరైన పేరు రాయండి

ఏప్రిల్ పదిహేను. వేట ఆగింది.
ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ భుజాలు రాసుకుంటూ
ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి,
భృతి దరఖాస్తుకి వచ్చిన మనుషుల్లాగే.

ఐస్ ఫ్యాక్టరీ పక్క గది.
ఒక ఫ్యాను, ఒక లాప్‌టాప్, ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు.
రుషికొండ మీద ఏసీలో కూర్చుని నేను రాసిన ఫారం
మొదటిసారి ఉప్పుగాలి పీలుస్తోంది.

నా కోడ్ అంటే నాకు గర్వం, దాచుకోను.
బటన్ నొక్కకముందే తప్పు పట్టేస్తుంది.
ఫోన్ నంబరుకి పది అంకెలు, తొమ్మిదైతే ఎరుపు.
పిన్‌కోడ్‌కి ఆరు.
ఖాళీగా వదిలితే గడి అంచు వణుకుతుంది,
ఆ వణుకు కోసం ఒక ఆదివారం ధారపోశాను.
సర్వర్ దాకా పోయి ఉత్తచేతుల్తో తిరిగొచ్చే పని లేదు,
గుమ్మంలోనే మాట తేలిపోతుంది.

కారి పోలమ్మ వచ్చి కూర్చుంది.
చేతులకి ఎండు నెత్తళ్ల వాసన.
మనవడు తెలుగు కీబోర్డులో వెతుక్కుని వెతుక్కుని
కారి అని కొట్టాడు.
ఎరుపు.
పోలమ్మ అని కొట్టాడు.
ఎరుపు.
"సరైన పేరు రాయండి."

ఆమె తెరవైపు కాదు, నావైపు చూసింది.
"ఏటమ్మా, నా పేరు సరైంది కాదంటాది?
మరిన్నాళ్లూ ఎవుల్ని పిలిసినారు ఈళ్లంతా?"

జవాబు నా దగ్గరే ఉంది. ఒక్క లైను.
ఎ నుంచి జెడ్ దాకా, అంతే.
టీ చల్లారేలోపు రాసి మరిచిపోయిన లైను.
అందులో గుడికి చోటు లేదు, కొమ్ముకి లేదు,
మ కింద ఇంకో మ వేలాడితే
దానికి ఊపిరాడదు.
కేజీహెచ్‌లో పుట్టి జ్ఞానాపురంలో పెరిగినదాన్ని,
ఎవరూ చూడకుండా
వర్ధని అని కొట్టి చూశాను.
ఎరుపు.

సరే, ఇంగ్లీషులో రాయించి ముందుకు జరిపాను.
పుట్టినతేదీ దగ్గర గది మొత్తం ఆగిపోయింది.
"తుపాను ఏడమ్మా. పడవలు రోడ్డెక్కేసిన ఏడు."
క్యాలెండర్ తెరిచాను. అందులో తుపాన్లు లేవు.
మనవడే విసుగెత్తి జనవరి ఒకటి నొక్కాడు.
పచ్చ.
పొద్దుట్నించీ చూస్తున్నాను,
సగం రేవు జనవరి ఒకటినే పుట్టింది,
నా కోడ్ అందరికీ తలూపింది.
అంతకుముందే ఒక కుర్రాడు, ఫోన్ లేదట,
వరసగా పది తొమ్మిదులు కొట్టి వెళ్లిపోయాడు.
అదీ పచ్చే.

సాయంత్రం ఇమ్రాన్‌కి ఫోన్ చేసి చెప్పుకున్నాను.
నవ్వాడు.
"బ్రౌజర్‌లో స్క్రిప్ట్ ఆపేస్తే నీ కాపలా ఏదీ?
గేటు దగ్గర వాచ్‌మన్ బుట్టలోకి తొంగి చూస్తాడు, అంతే.
తూకం లోపల జరగాలి. సర్వర్‌లో మళ్లీ అన్నీ చూడాలి.
నీది మర్యాద, వర్ధనీ. మర్యాదగా ఉండనీ."

ఫోన్ పెట్టేసి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను.
ఎదురుగా డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
కొండ ఇక్కడుంది, ఇక్కడుంది అంటోంది.
దారి తప్పిన పడవని కూడా
చెల్లవు పో అనడం నేనెప్పుడూ వినలేదు.

రాత్రి ఆ ఒక్క లైను విప్పాను.
మూడక్షరాల పోలమ్మ
యంత్రం లెక్కలో ఆరు.
ఓత్వాన్ని విడిగా, పొల్లుని విడిగా
చిల్లర ఏరినట్టు ఏరుకుంది.
ఎరుపు మాటలు ఒక్కొక్కటే చెరిపి రాశాను:
"ఇంకొక్క అంకె తగ్గింది, చూడండి."
"తేదీ గుర్తులేకపోతే ఏడు చాలు."
పేరు దగ్గర మాత్రం ఏం రాయాలో తోచలేదు.
"మిమ్మల్ని ఎలా పిలుస్తారో అలాగే" అని రాసి,
రెండుసార్లు చెరిపి, మూడోసారి ఉంచేశాను.

మర్నాడు ఆమెనే మళ్లీ పిలిపించాను.
కారి పోలమ్మ. కొమ్ములూ వత్తులతో సహా.
ఎరుపు రాలేదు.
"ఒప్పుకుందేటి?"
"ఒప్పుకుంది."
"మా అయ్య దీన్నడిగి పెట్టినాడా ఏటి నా పేరు!"

ఫోన్ నంబరు గడి ఇంకా ఖాళీ.
దాని అంచు వణుకుతూనే ఉంది.
పోలమ్మ తెర మీద వేలితో మెల్లగా తట్టింది,
ఊరుకో, ఊరుకో అన్నట్టు.